కొత్త ఇంటికి కిటికీల సైజు: గోడలో ఖాళీ కాదు, అద్దం ఎంతో లెక్కేయండి

ప్లాన్ గీసేవాళ్లు బెడ్‌రూమ్ అనగానే ఒక 4×4 అడుగుల కిటికీ పెట్టేసి ముందుకెళ్లిపోతారు, మనం కూడా అప్పటికి పూజగది ఎటు, మెట్లు ఎటు అనే టెన్షన్‌లో ఉంటాం కాబట్టి అడగం. తీరా ఇంట్లో దిగాక పగలు పదకొండింటికి లైటు వేసుకోవాల్సి వస్తుంది. లింటెల్ (కిటికీలు, తలుపుల మీద వేసే కాంక్రీటు దూలం) పడిందంటే ఇక మార్చడం కష్టం, అందుకే ఆలోపే చూసుకోండి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్క ఇదీ: పొడి వేడి ఉండే చోట గది నేలలో పదో వంతు, ఉక్కపోత ఉండే చోట ఆరో వంతు, మధ్యస్థంగా ఉంటే ఎనిమిదో వంతు కిటికీలుండాలి, తలుపులు ఇందులోకి రావు. 10×12 గది అంటే 120 చదరపు అడుగులు. ఎనిమిదో వంతు 15, కాబట్టి 4×4 కాగితం మీద పాసైపోతుంది. కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఆరో వంతు పట్టుకుంటే 20, అంటే 5×4 ఉండాలి. ఇవన్నీ కనీసాలే, ఇంతకంటే పెంచితే ఎవరూ వద్దనరు.

అసలు మోసం ఫ్రేములో ఉంది. మూడు రెక్కల 5×4 టేకు కిటికీ తీసుకోండి: నాలుగు నిలువు చెక్కలు రెండున్నర అంగుళాల చొప్పున, ఒక్కో రెక్కకు అటూ ఇటూ మళ్లీ అంతే చెక్క. 60 అంగుళాల వెడల్పులో అద్దానికి మిగిలేది 35 దాకా, ఎత్తు 48లో 38. మొత్తం మీద సగం కూడా అద్దం లేదు! దానికి గ్రిల్, దోమల మెష్, కర్టెన్ తోడైతే ఇంకేం వెలుతురు. అదే సైజులో రెండు రెక్కలు పెట్టించినా నయమే. స్లైడింగ్ అయితే చెక్క తగ్గి అద్దం పెరుగుతుంది గానీ, రెండు ట్రాకులదైతే తెరిచేది సగమే, గాలి దగ్గర అది గుర్తుంచుకోండి.

వెడల్పు పెంచాలా ఎత్తు పెంచాలా అంటే నేను ఎత్తే అంటాను. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా పనికొచ్చే వెలుతురు పోతుందని ఒక అంచనా. ఏడడుగుల లింటెల్‌ను ఎనిమిదికి జరిపితే గది లోపలి మూలకు తేడా తెలుస్తుంది. మేస్త్రీ "అన్నీ ఏడే కదా సార్" అంటాడు, దర్వాజాలతో లైను కలవదని. కలవకపోతే ఏమైంది?

ఈ అంచనా కూడా ఎదురుగా ఆకాశం కనిపిస్తేనే. 150 గజాల్లో, 30×45 స్థలంలో పక్కింటి గోడ మూడడుగుల్లో ఉంటే 6×4 పెట్టినా వచ్చేది ఆ గోడ మీద పడి వచ్చే వెలుతురే. పక్కన ఇప్పుడు ఖాళీ స్థలమే ఉన్నా, రేపు అక్కడ మూడంతస్తులు లేస్తాయనుకునే ప్లాన్ వేయించండి. అలాంటి చోట మధ్య హాలుకు మెట్ల పైనుంచో, చిన్న డక్ట్ (పైకప్పు దాకా తెరిచి ఉంచే ఖాళీ) వదిలో పైనుంచి వెలుతురు దించుకోవడమే దారి.

దిక్కుల సంగతికొస్తే, ఉత్తరం, తూర్పు ధారాళంగా తెరవండి. దక్షిణానికి రెండడుగుల సజ్జా వేస్తే వేసవి మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు. పడమర మాత్రం సజ్జాకు లొంగదు, సాయంత్రం ఎండ కింద నుంచి ఏటవాలుగా వస్తుంది కాబట్టి అక్కడ చిన్న కిటికీ చాలు. వాస్తు ప్రకారం కిటికీలు సరిసంఖ్యలో ఉండాలనేవాళ్లకు చిక్కేం లేదు, సంఖ్య అలాగే ఉంచి సైజు పెంచుకోవచ్చు.

వంటగదిలో కిటికీ కిందిఅంచు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో పెట్టించండి, లేకపోతే లోపలికి తెరిచే రెక్క సింకు కుళాయికి తగులుతుంది. బెడ్‌రూమ్‌లో అటక, వార్డ్‌రోబ్ కిటికీ లేని గోడకే వేయించండి.