పబ్లిక్ కీ పంపితే అవతలివాళ్ళ ప్రోగ్రాంలో ఎక్కట్లేదా? ఒక్కొక్కటే ఇట్లా చూసుకోండి

పోయిన తోతాపురి సీజన్‌లో చిత్తూరు నుంచి ఒక అన్న ఫోన్ చేసినాడు, అక్కడ పల్ప్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. బయటి దేశం పార్టీ వాళ్ళు రేట్లు, బ్యాంక్ వివరాలు మామూలు మెయిల్‌లో వద్దు, పీజీపీ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే వేరేవాళ్ళు చదవలేకుండా లాక్ చేసి పంపుకుందాం, మీ పబ్లిక్ కీ ఇవ్వండి అన్నారంట. పబ్లిక్ కీ అంటే అందరికీ ఇచ్చేది, మనకి పంపేవాళ్ళు దాంతో లాక్ చేస్తారు, ప్రైవేట్ కీ మన దగ్గరే ఉండేది, దాంతోనే తెరుస్తాం. ఈయన ఇచ్చినాడు, వాళ్ళు ఎక్కట్లేదన్నారు, మళ్ళీ ఇచ్చినాడు, మళ్ళీ అదే మాట. మూడో రోజు నాకు చేసి "ఏమప్పా, ఈ కీ చెడిపోయినట్టుంది, తీసేసి కొత్తది చేసేద్దునా?" అన్నాడు.

వద్దన్నా అని చెప్పినా. మీకూ అదే చెప్తాండా, ఎక్కకపోతే ముందు కొత్త కీ చేసేయొద్దండి. ఒకటికి రెండు కీలు అయినాయంటే ఎవరి దగ్గర ఏది ఉందో తెలీక, పాత కీకి లాక్ చేసిన మెయిల్ వచ్చి పడి, తెరవలేక ఇంకా చిక్కు అవుతుంది. కీ నిజంగా చెడిపోవడం చాలా తక్కువ, ఎక్కువసార్లు దాన్ని పంపిన తీరులోనో, అవతలి ప్రోగ్రాం ఏ కాలందో అక్కడే తేడా ఉంటుంది. కింద చెప్పిన వరసలోనే చూస్కోండి, ఎందుకంటే పైది సరిగ్గా లేకుండా కిందది చూసి లాభం లేదు.

మొదట, మీరు పంపింది ఏంది?

ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి లైన్ చదవండి. ఐదు గీతలు, బిగిన్ పీజీపీ పబ్లిక్ కీ బ్లాక్, మళ్ళీ ఐదు గీతలు, ఇట్లా ఉండాలి. పబ్లిక్ ఉండాల్సిన చోట ప్రైవేట్ అని కనిపిస్తే అక్కడే ఆగిపోండి, ఎవరికీ పంపొద్దు. నాకు తెలిసిన ఒకాయన పబ్లిక్ కీ ఎక్కట్లేదని విసిగిపోయి క్లియోపాట్రా అని కీలు చూసుకునే ప్రోగ్రాం ఉంది, దాంట్లో కీ మీద రైట్ క్లిక్ కొట్టి, ఎక్స్‌పోర్ట్ నొక్కకుండా సీక్రెట్ కీ బ్యాకప్ నొక్కి ఆ ఫైలే మెయిల్‌లో పెట్టేసినాడు. పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోవద్దు, ప్రైవేట్ కీ ఒకసారి బయటికి పోయిందంటే ఆ కీ పని అయిపోయినట్టే, ఆ కీ ఇక చెల్లదని చెప్పే రద్దు సర్టిఫికెట్ పంపి కొత్తది చేసుకోవాల్సిందే. ఆయనకీ అదే చేయించినా.

ఇంకొక గందరగోళం మన ఆఫీసుల్లో బాగా చూస్తా. జీఎస్టీకి, ఇన్‌కంటాక్స్‌కి వాడే డీఎస్‌సీ, అంటే డిజిటల్ సంతకం టోకెన్ ఉంటుంది కదా, దాంట్లోని సర్టిఫికెట్ ఫైల్ తీసి ఇదే నా పబ్లిక్ కీ అని పంపుతారు. దాంట్లోనూ పబ్లిక్ కీ ఉన్న మాట నిజమే గానీ అది ఎక్స్ 509 అనే వేరే ఏర్పాటు, పీజీపీ ప్రోగ్రాం దాన్ని తీసుకోదు. క్లియోపాట్రాలో రెండు రకాలూ ఒకే లిస్టులో కనిపిస్తాయి, అందుకే జనం పొరబడతారు. అవతలివాళ్ళు ఎస్‌మైమ్ (మెయిల్ లాక్ చేసే ఇంకో పద్ధతి) అంటే ఎక్స్ 509 రకం ఇవ్వాలి, పీజీపీ అంటే పీజీపీది.

రెండోది, ప్యాకింగ్

చిత్తూరు అన్న విషయంలో తప్పు ఇక్కడే దొరికింది. కీని కాపీ చేసి మెయిల్ బాడీలో పేస్ట్ చేసినాడు, అవతలాయన దాన్ని వాళ్ళ ఐటీ మనిషికి ఫార్వర్డ్ చేసినాడు, అక్కడికి పోయేసరికి ప్రతి లైన్ ముందు ఒక బాణం గుర్తు వచ్చి చేరింది, పైన ఉండాల్సిన ఖాళీ లైన్ ఎగిరిపోయింది. మనిషి కంటికి అంతా సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది, ప్రోగ్రాంకి మాత్రం అది కీ కాదు.

కీ టెక్స్ట్‌లో ఏమేం ఉండాలో ఒకసారి గుర్తుపెట్టుకోండి. బిగిన్ లైన్, దాని కింద వెర్షన్ అనో కామెంట్ అనో ఒక లైన్ ఉండొచ్చు లేకపోవచ్చు, తర్వాత ఒక ఖాళీ లైన్ తప్పకుండా ఉండాలి, ఆ తర్వాత అక్షరాల గుంపు, చివర్లో సమానం గుర్తు, దాని వెంట నాలుగు అక్షరాలు ఉన్న చిన్న లైన్, ఆఖరికి ఎండ్ లైన్. ఆ చిన్న లైన్ చెక్‌సమ్, అంటే అక్షరాలు చెడలేదని సరిచూసేది, కొత్త ప్రోగ్రాంలు కొన్ని దాన్ని పెట్టవు, లేకపోతే కంగారు పడక్కర్లేదు. కొన్ని ఫోన్ కీబోర్డులు, వర్డ్ లాంటివి ఐదు హైఫన్లని కలిపి పొడుగు గీత చేసేస్తాయి, అప్పుడు కూడా ఎక్కదు.

అందుకని పేస్ట్ చేయడం మానేసి ఫైల్‌గా అటాచ్ చేయండి. క్లియోపాట్రాలో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఏఎస్‌సీ అనే ఫైల్ వస్తుంది, అదే పంపండి. జీపీజీ (పీజీపీ పని చేసే ఉచిత ప్రోగ్రాం) కమాండ్‌తో చేసేవాళ్ళు ఎక్స్‌పోర్ట్‌కి, కీని అక్షరాలుగా రాసే ఆర్మర్ ఆప్షన్ కలపడం మర్చిపోతే బైనరీ ఫైల్ వస్తుంది, చాలా ప్రోగ్రాంలు దాన్నీ తీసుకుంటాయి గానీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి కాపీ కొడితే పాడవుతుంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్‌లో బాణం గుర్తు పెట్టి ఫైల్‌లోకి తోయొద్దు, అది మొత్తాన్ని యూటీఎఫ్ 16 అనే వేరే అక్షరాల కోడ్‌కి మార్చేస్తుంది, జీపీజీలోనే ఉన్న అవుట్‌పుట్ ఆప్షన్ వాడండి. ఈ ఒక్కటి నాకు తెలియక ఒక పూట మొత్తం పోయింది.

మూడోది, అవతలివాళ్ళ ప్రోగ్రాం ఏది, ఏ కాలంది

ఫైల్ సరిగ్గా ఉన్నా ఎక్కకపోతే మొహమాటం లేకుండా అడగండి, మీరు వాడేది ఏ ప్రోగ్రాం, ఎన్నో వెర్షన్ అని. ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే పని సులువు. ఫిల్ జిమర్‌మన్ 1991 లో పీజీపీ తెచ్చినాడు, అందరి ప్రోగ్రాంలూ ఒకరిదొకరు చదువుకోవాలని ఓపెన్‌పీజీపీ అనే ప్రమాణం వచ్చింది, చాలా ఏళ్ళు నడిచింది 2007 నాటి ఆర్ఎఫ్‌సీ 4880 అనే ప్రమాణ పత్రం. దాంట్లో ఆర్ఎస్ఏ అనే పాత రకం కీ ఉంది గానీ ఇప్పుడు అందరూ చేస్తున్న ఈడీ 25519 రకం లేదు. జీపీజీ 2.3 నుంచి, అంటే 2021 నుంచి, ఏమీ మార్చకుండా కొత్త కీ చేస్తే ఆ ఈడీ 25519 రకమే వస్తుంది. అవతల ఏదో పాత సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉందనుకోండి, దానికి ఆ రకం తెలియదు, తెలియని ఆల్గారిథం అనో, అసలు కీ లేదనో చెప్తుంది.

2024 లో ఆర్ఎఫ్‌సీ 9580 వచ్చింది, దాంట్లో వెర్షన్ 6 కీలు. జీపీజీ వాళ్ళు దాన్ని తీసుకోకుండా లిబ్రెపీజీపీ అని వేరే దారి పట్టి వెర్షన్ 5 కీలు అన్నారు. ఇద్దరికీ వాళ్ళ కారణాలు ఉన్నాయి, మధ్యలో నలిగేది మాత్రం మనలాంటి వాడేవాళ్ళం, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. నా సలహా ఒకటే, అవతల ఎవరు ఏం వాడతారో తెలియకపోతే అంతకుముందు నుంచీ ఉన్న వెర్షన్ 4 కీ రకంలో ఆర్ఎస్ఏ 3072 గానీ 4096 గానీ చేయండి, పాత కొత్త అన్నిట్లోనూ ఎక్కుతుంది. ఇద్దరిదీ కొత్త ప్రోగ్రామే అని తెలిస్తే ఈడీ 25519 హాయిగా వాడుకోండి.

వాళ్ళ కీయే పాతదైతే కథ తిరగబడుతుంది. ఎప్పుడో చేసిన కీల్లో సొంత సంతకం షా 1 అనే పాత లెక్క పద్ధతితో ఉంటుంది, షా 1 ని 2017 లో పగలగొట్టి చూపించినాక కొత్త ప్రోగ్రాంలు ఆ సంతకాలని ఒప్పుకోవడం మానేస్తున్నాయి. అప్పుడు మీ వైపు సెట్టింగులు సడలించొద్దు, వాళ్ళనే కొత్త కీ చేయమనండి.

నాలుగోది, ఎక్కింది గానీ ఎన్‌క్రిప్ట్ అవ్వట్లేదు

థండర్‌బర్డ్ వాడేవాళ్ళకి ఇది తరచుగా వస్తుంది. 2020 లో వచ్చిన 78 వెర్షన్ నుంచి థండర్‌బర్డ్ తన కీల పెట్టె తానే పెట్టుకుంది, కంప్యూటర్‌లో జీపీజీ పెట్టెతో సంబంధం లేదు. క్లియోపాట్రాలో ఎక్కించి థండర్‌బర్డ్‌లో వెతికితే కనిపించదు, టూల్స్‌లో ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్‌కి పోయి అక్కడ మళ్ళీ ఇంపోర్ట్ చేయాలి. చేసినాక కీ వివరాల్లో ఈ కీని ఒప్పుకుంటున్నా అని మీరే టిక్ పెట్టాలి, పెట్టకపోతే కదలదు. కీలో రాసిన మెయిల్ అడ్రస్, మీరు పంపే అడ్రస్ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉందో లేదో కూడా చూడండి, ఆఫీస్ మెయిల్ మార్చి కీలో పాతదే ఉంచేసిన వాళ్ళు చాలామంది.

కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న కీ అయితే ఇంకో సంగతి ఉంది. సొంతదారు తన మెయిల్‌ని అక్కడ ధ్రువీకరించేదాకా ఆ సర్వర్ పేరు, మెయిల్ తీసేసి వట్టి కీ ఇస్తుంది, జీపీజీ దాన్ని యూజర్ ఐడీ లేదని పక్కన పెడుతుంది. అప్పుడు కీ ఉన్న మనిషినే ఫైల్ అడిగి తెప్పించుకోండి. గడువు తీరిందేమో కూడా ఒక చూపు చూడండి.

ఐదోది, ఫోన్ చేయండి

పని అయిపోయిందన్న సంతోషంలో ఇది వదిలేస్తారు, దయచేసి వదలొద్దు. వచ్చింది నిజంగా వాళ్ళ కీయేనా అని తేల్చుకునేది దీంతోనే. ప్రతి కీకి దాన్ని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింట్ ఉంటుంది, వెర్షన్ 4 కీకి అది 40 అక్షరాలు, నాలుగేసి చొప్పున పది గుంపులు. మెయిల్‌లో కాకుండా, మీకు ముందే తెలిసిన నంబర్‌కి ఫోన్ చేసి ఒకరు చదవాలి, ఇంకొకరు చూసుకోవాలి. చివరి ఎనిమిది అక్షరాలు కలిస్తే చాలు అనుకోవద్దు, ఆ ఎనిమిదీ కలిసేట్టు దొంగ కీ తయారు చేయడం కష్టం కాదని ఎప్పుడో చేసి చూపించినారు. నేను బస్సెక్కి చిత్తూరు పోయి పక్కన కూర్చుంటే, అన్న గట్టిగా ఒక్కో అక్షరం చదివినాడు, అవతలాయన ప్రతి గుంపుకీ ఓకే అన్నాడు, రెండు నిమిషాల పని.

ఆఖరికి, టెస్ట్ మెయిల్

రేట్లు పెట్టకుండా ముందు రెండు వైపుల నుంచీ ఎన్‌క్రిప్ట్ చేసిన చెరొక ఖాళీ మెయిల్ పంపి తెరిచి చూడండి. మీకు వచ్చింది తెరుచుకోకపోతే ఒక అనుమానం ఇది. జీపీజీ 2.4 లో చేసిన కీ, నాకు ఓసీబీ అనే కొత్త లాక్ పద్ధతి తెలుసు అని తన మీద తానే రాసుకుంటుంది. మీరు అదే కీని తర్వాత ఫోన్‌లోకో వేరే ప్రోగ్రాంలోకో మార్చుకుంటే, పంపేవాళ్ళు ఆ రాత నమ్మి ఓసీబీలో లాక్ చేస్తారు, మీ కొత్త ప్రోగ్రాంకి అది రాకపోవచ్చు. జీపీజీలో ఎడిట్ కీ లోపలికి పోయి ఆ రాతని మార్చే సెట్‌ప్రెఫ్ కొట్టి, ఏఈఎస్ 256, ఏఈఎస్ 192, ఏఈఎస్, షా 512, షా 256, జెడ్‌లిబ్, జిప్ అని పేర్లన్నీ మీరే ఇచ్చి సేవ్ చేయండి, పేర్లు ఇవ్వకుండా వదిలేస్తే మళ్ళీ డిఫాల్టే పడుతుంది. తర్వాత పబ్లిక్ కీని ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి అందరికీ పంపండి. గడువు పొడిగించినా ఇట్లాగే మళ్ళీ పంపాలి, వాళ్ళు ఇంపోర్ట్ చేస్తే పాతదాంట్లోనే కలిసిపోతుంది, ఫింగర్‌ప్రింట్ మారదు కాబట్టి మళ్ళీ ఫోన్‌లో చదవాల్సిన పని లేదు.