కంప్యూటర్ హ్యాక్ అయిందని అనుమానమా? ఏది ముందు, ఏది తర్వాత

కరెంటు బిల్లు పెండింగ్ ఉందంటూ ఎవరో ఫోన్ చేస్తే నమ్మి, దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ యాప్ వేసుకున్నారు. లేదా సినిమా కోసం వెతుకుతుంటే ఓ పేజీ "మీరు రోబో కాదని నిరూపించండి: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్ వీ కొట్టండి, ఎంటర్ చేయండి" అంది, మీరు అలాగే చేశారు. ఈ రెండోది చూడటానికి చిన్న విషయమే. కానీ అక్కడ పేస్ట్ అయింది మామూలు అక్షరాలు కాదు, ఓ కమాండ్. పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే ప్రోగ్రామ్‌ను మీ చేత్తోనే నడిపించారు. ఇలాంటిది ఏది జరిగినా హ్యాక్ అయినట్టే లెక్క.

సిస్టమ్ స్లో అయిందనో, ఫ్యాన్ మోత పెరిగిందనో అంతలోనే కంగారు పడొద్దు. స్క్రీన్ మూలన "5 వైరస్‌లు దొరికాయి" అని వచ్చేవి చాలావరకు ఏదో సైటుకు తెలియక అలో కొట్టిన నోటిఫికేషన్లు. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైటును తీసేస్తే ఆగిపోతాయి. మౌస్ దానంతటదే కదలడం, విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ ఆఫ్ అయిపోయి ఉండటం, మీరు పంపని మెయిల్ సెంట్‌లో కనిపించడం, అడగని ఓటీపీలు రావడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

ముందుగా ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. ల్యాన్ వైరు పీకేయండి, వైఫై ఆఫ్ చేయండి. అవతలివాడు స్క్రీన్ మీద ఉండగా ఎనీడెస్క్ ఎలా తీయాలా అని వెతుకుతూ కూర్చోవద్దు, ఆ రెండు నిమిషాలు వాడికి చాలు. నెట్ పోతే వాడూ పోతాడు.

డబ్బు పోయి ఉంటే వెంటనే బ్యాంకుకు, ఆపైన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తెలంగాణలో ఈ కాల్స్ చూసేది తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో. యూపీఐ లావాదేవీ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబర్, సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి పాకిపోకముందే చెబితేనే ఫ్రీజ్ చేసే అవకాశం ఉంటుంది. రేపు స్టేషన్‌కు వెళ్దాంలే అనుకోవద్దు. స్క్రీన్ మీద కనిపించినవన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, ఫార్మాట్ చేశాక ఆధారాలు మిగలవు.

ఇక పాస్‌వర్డ్‌లు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కంగారులో అదే కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త పాస్‌వర్డ్ కొడతారు. నొక్కిన ప్రతి కీనీ రికార్డు చేసే కీలాగర్ ఉంటే అదీ వాడికి చేరుతుంది. ఫోన్ తీసుకోండి, వైఫై ఆపి మొబైల్ డేటా మీద చేయండి. మొదట మెయిల్, ఎందుకంటే మిగతా అన్నిటి రీసెట్ లింకులూ దానికే వస్తాయి. తర్వాత బ్యాంకు, డీమ్యాట్, ఆపైన మిగతావి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన ప్రతి పాస్‌వర్డ్ బయటికి పోయిందనే అనుకోండి.

పాస్‌వర్డ్ మార్చడంతో పని అయిపోదు. పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే ప్రోగ్రామ్‌లు కుకీలనూ (మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) పట్టుకుపోతాయి. అవి చేతిలో ఉంటే పాస్‌వర్డ్, ఓటీపీ అడగకుండానే మీ ఖాతా తెరుచుకుంటుంది. అందుకే గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో యువర్ డివైసెస్ తెరిచి, మీ చేతిలో ఉన్న ఫోన్ తప్ప అన్నిటినీ సైన్ అవుట్ చేయండి. రికవరీ నంబర్, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్, ఫిల్టర్స్ కూడా చూడాలి. బ్యాంకు మెయిల్స్ మీకు కనపడకుండా ట్రాష్‌కు వెళ్లేలా ఫిల్టర్ పెట్టి ఉండొచ్చు. ఫోన్ యాప్‌లో ఈ ఫిల్టర్లు కనపడవు, ఇంకో మంచి కంప్యూటర్‌లో తెరవాలి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అన్నీ లాగౌట్ చేయండి.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, దాని మేనేజ్ సెట్టింగ్స్ కింద ఎక్స్‌క్లూజన్స్ తెరవండి. ఈ ఫోల్డర్లను స్కాన్ చేయొద్దు అని డిఫెండర్‌కు చెప్పే జాబితా అది. మామూలుగా ఖాళీగా ఉండాలి. అక్కడ సీ డ్రైవ్ మొత్తం గానీ, ఎప్పుడూ వినని ఫోల్డర్ గానీ ఉంటే దొంగ దొరికినట్టే. దొంగ (క్రాక్) విండోస్‌ను లైసెన్స్ ఉన్నట్టు నడిపించే యాక్టివేటర్లు ఈ పని చేస్తుంటాయి. "స్కాన్ చేశాను, ఏమీ లేదంది" అనేవాళ్ల సిస్టమ్‌లో అసలు కారణం చాలాసార్లు ఇదే. ఆ లైన్లు తీసేసి స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. రీస్టార్ట్ అయి దాదాపు 15 నిమిషాలు పడుతుంది.

స్కాన్‌లో ఏదైనా దొరికినా, ఎవరైనా రిమోట్‌లో లోపలికి వచ్చినా, పైన చెప్పిన కమాండ్ నడిపినా, ఫార్మాట్ చేయాల్సిందే. దొరికింది తీసేశాం కదా అంటే, దొరకనిది ఏముందో ఎవరికి తెలుసు?

ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. సెటప్ ఫైళ్లు, గేమ్‌లు, క్రాక్‌లు వద్దు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే, ఆధార్ పీడీఎఫ్‌లా కనిపించే ఫైలు చివర ఈఎక్స్ఈ (అంటే అది ప్రోగ్రామ్) దాక్కుని ఉంటే బయటపడుతుంది. 8 జీబీ, అంతకు మించిన ఖాళీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకో కంప్యూటర్ నుంచి, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ సిద్ధం చేసుకోండి.

మన దగ్గర చాలా సిస్టమ్‌లలో ఒకే డిస్క్‌ను సీ, డీ అని విడగొట్టి ఉంటారు. షాపుకు ఇస్తే సీ ఒక్కటే ఫార్మాట్ చేసి, "డీలో డేటా సేఫ్ సార్" అంటారు. ఆ డీలోనే పాత క్రాక్ సెటప్ కూర్చుని ఉంటుంది, వారంలో కథ మళ్లీ మొదటికి. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీలో ఇచ్చినా, గల్లీ చివర ఇచ్చినా ఈ రెండూ ముందే చెప్పండి: బ్యాకప్ అయ్యాక పార్టిషన్లన్నీ డిలీట్ చేయాలి, ఒరిజినల్ విండోస్ తప్ప ఏదీ వేయొద్దు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు విండోస్ అయితే, అదే ఎడిషన్ వేసినప్పుడు నెట్ పెట్టగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కాబట్టి సిస్టమ్ తట్టుకుంటే 11 వేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను మాత్రం మీరు ఫార్మాట్ చేయొద్దు, వెంటనే ఐటీ టీమ్‌కు చెప్పండి.

రౌటర్‌నూ చూడాలి. పిన్నుతో రీసెట్ బటన్ నొక్కే ముందు ఆగండి. చాలా ఫైబర్ కనెక్షన్లలో నెట్‌కు లాగిన్ కావడానికి ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లోనే ఉంటాయి. రీసెట్‌తో అవి పోతే, కేబుల్ అబ్బాయి వచ్చేదాకా నెట్ ఉండదు. అవి రాసి పెట్టుకున్నాకే రీసెట్ చేయండి. తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేరే పద్ధతి), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే వీలు) ఆపేయండి, డీఎన్ఎస్‌లో (సైటు పేరును దాని అడ్రసు నంబర్‌గా మార్చే సర్వర్ల సెట్టింగ్) తెలియని నంబర్లు లేకుండా చూడండి. వైఫై పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబరే అయితే అదీ మార్చండి, అపార్ట్‌మెంట్‌లో సగం మందికి అది తెలుసు.

కొత్త విండోస్‌లో అప్‌డేట్లన్నీ అయ్యాక రెండు అకౌంట్లు పెట్టుకోండి: ఇన్‌స్టాల్ పనులకు అడ్మిన్, రోజువారీ వాడకానికి స్టాండర్డ్. బ్యాకప్ డిస్క్ పెట్టి, ఏ ఫైలూ తెరవకముందే దాన్ని స్కాన్ చేయించి, ఆ తర్వాతే ఫొటోలు వెనక్కి కాపీ చేయండి.