మార్ఫోలినో మొరాయించినప్పుడు

జీబ్రాచేప గుడ్లలోకి 'నో టెయిల్' జన్యువును అడ్డుకునే మార్ఫోలినో అనే కృత్రిమ గొలుసు అణువును ఎక్కించాను. ఆ జన్యువు పనిచేయకపోతే తోక సరిగా పెరగదు. మర్నాడు చూస్తే తోకలన్నీ నిక్షేపంగా ఊగుతున్నాయి! సూది మార్చాను, మోతాదు పెంచాను. ఊహూఁ.

తప్పు నాదే. నీళ్లలో కలిపిన ట్యూబును అలవాటుకొద్దీ ఫ్రీజర్‌లో పెట్టాను. సుమారు 25 బేసుల (జన్యు అక్షరాల) ఈ గొలుసుకు డీఎన్‌ఏలా విద్యుదావేశం ఉండదు. ఎంజైములు దీన్ని కొరకలేవు గానీ, చలికి ద్రావణంలోంచి విడిపోయి ట్యూబు గోడలకు అంటుకుపోగలదు. ఐసు బకెట్ లేకుండా అడుగు వేయని మాలాంటివాళ్లకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు.

65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడిచేసి, బాగా కుదిపి, 265 నానోమీటర్ల కాంతి దగ్గర గాఢత కొలిచాను. లేబుల్ మీది అంకెకు దగ్గరగా వచ్చింది. అదే రోజు ఎక్కించాను. 24 గంటలకు లెన్సు కింద మొండితోక పిండాలు! ఆ ట్యూబు ఇప్పుడు గది ఉష్ణోగ్రతలోనే, మూతకు పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర చుట్టుకుని, నా బల్ల సొరుగులో ఉంది.