ఆరుబయట ఉండే ట్రాక్టర్ ట్రక్కును కడిగి వాక్స్ పట్టించే పద్ధతి

ట్రాక్టరుకు రేకుల షెడ్డు వేసుకున్న రైతు కూడా దాని వెనక తగిలించే ట్రక్కును చాలావరకు చింతచెట్టు కిందనో, కళ్లం పక్కనో వదిలేస్తాడు. కొన్ని ఊళ్లలో ట్రాలీ అనీ, కొన్నిచోట్ల తొట్టి అనీ పిలిచే ఈ ట్రక్కు ఇనుప రేకుతో, ఇనుప పట్టీలతో చేసినది కాబట్టి, ఎండకు రంగు పొడిబారి, వానకు మూలల్లో నీరు నిలిచి, నాలుగైదేళ్లలోనే అడుగు రేకు చిల్లులు పడడం మనం చూస్తూనే ఉంటాం. ఏడాదికి రెండుసార్లు, ఒక్కో పూట చొప్పున శ్రమపడితే ఆ చిల్లులను చాలాకాలం వాయిదా వేయవచ్చు. వాక్స్ అనగానే కారు మెరుపు గుర్తుకొస్తుంది గానీ, ట్రక్కు విషయంలో మెరుపు మనకు అక్కరలేదు. రేకు మీద నీరు నిలవకుండా జారిపోవడమే మనకు కావలసింది.

ఈ పనికి అనువైన మొదటి సమయం రబీ ధాన్యం తోలడం పూర్తయిన తరువాత, మృగశిర చినుకులు పడకముందు. రెండవది ఖరీఫ్ కోతల తరువాత వచ్చే చలికాలం. అయితే వేసవిలో చేసేవారు తెల్లవారుజామునే మొదలుపెట్టాలి, ఎందుకంటే రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో రేకు చేయి పెట్టలేనంతగా కాలుతుంది, సబ్బు నీరు తుడిచేలోపే ఎండి మరకలు కడుతుంది. ఒకసారి నేను మధ్యాహ్నం రెండు గంటలకు వాక్స్ రాసి, అది రేకుకు అతుక్కుపోయి తెల్లటి చారలుగా మిగిలితే, వాటిని వదిలించడానికి సాయంత్రం దాకా రుద్దవలసి వచ్చింది.

కడగడానికి ముందు ట్రక్కును పొడిగా ఊడ్చాలి. మూలల్లో, వెనక డోరు కీళ్ల దగ్గర, సైడు పట్టీల సందుల్లో ఇరుక్కున్న వరిగడ్డి, ఊక, పెంట, మట్టి ముద్దలను కొడవలి మొనతోనో, సన్నని ఇనుప చువ్వతోనో లాగేయాలి. వాటిని వదిలేసి నీళ్లు కొడితే ముద్ద తడిసి వారం రోజులైనా ఆరకుండా రేకును లోపలినుంచి తినేస్తుంది. ఎరువుల బస్తాలు తోలిన ట్రక్కును మరింత శ్రద్ధగా చూసుకోవాలి. యూరియా గాలిలోని తేమను లాగి కరిగిపోతుంది, పొటాష్ ఎరువులో ఉండే క్లోరైడ్ ఉప్పు సముద్రపు గాలిలాగే తుప్పును వేగవంతం చేస్తుంది. చిరిగిన బస్తా నుండి చిందిన గుప్పెడు గింజలే కదా అని వదిలేసిన చోటే మరుసటి ఏడాది మొదటి చిల్లు కనిపిస్తుంది. కోడిపెంట తోలినా, రొయ్యల చెరువుల దగ్గర ఉప్పునీటిలో తిరిగినా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అలాంటి లోడు దించిన రోజునే మంచినీళ్లతో కడిగేయడం మేలు, ఏడాదికి రెండుసార్లు చేసే పని కోసం ఆగకూడదు.

హైడ్రాలిక్ జాకీతో తొట్టిని పైకెత్తి అడుగు భాగం కడిగేవారు ఒక్క విషయం మరువకూడదు. చదునైన నేల మీద ట్రాక్టరు తగిలించి ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఎత్తిన తొట్టి కింద గట్టి ఇనుప ఊత నిలబెట్టిన తరువాతే కిందికి చేయి పెట్టాలి. ఆయిల్ పైపు పగిలినా, ఎవరైనా పొరపాటున లీవరు తాకినా తొట్టి క్షణంలో కిందికి వస్తుంది. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

నీళ్లు పైనుంచి కిందికి కొట్టాలి. ప్రెషర్ పంపు వాడితే నాజిల్‌ను రేకుకు అడుగు దూరంలో ఉంచాలి. చక్రాల హబ్బులలోకి, కరెంటు వైర్ల అతుకుల్లోకి, వెనక లైట్లలోకి నేరుగా కొట్టకూడదు, ఎందుకంటే సీలు దాటి లోపలికి వెళ్లిన నీరు గ్రీజును పాడుచేసి బేరింగులను చెడగొడుతుంది. జిడ్డు ఎక్కువగా ఉన్నచోట మొదటిసారి బట్టల సబ్బు పొడి వాడినా ఫరవాలేదు గానీ, వాక్స్ పట్టించిన తరువాత మళ్లీ దానితో కడిగితే పట్టించిన వాక్స్ అంతా పోతుంది. అప్పటినుంచి కారు షాంపూ చాలు. కొన్ని సర్వీసింగ్ కేంద్రాలలో కడిగిన తరువాత మెరుపు కోసం డీజిల్ చల్లే అలవాటు ఉంది. నా మాట వింటే దానికి ఒప్పుకోవద్దు. డీజిల్ టైర్ల రబ్బరును మెత్తబరుస్తుంది, రేకు మీద మిగిలిన జిడ్డు మర్నాటికి దుమ్మునంతా పట్టుకుంటుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో కడిగిన నీరు దానంతట అది ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. వీలైతే ఆఖరి దఫా కాలువ నీళ్లో, ట్యాంకులో పట్టిన వాన నీళ్లో పోసి, వెంటనే పాత నూలు గుడ్డతో తుడవాలి. తరువాత వెనక డోరు తెరిచి, ముందు భాగాన్ని కొద్దిగా ఎత్తులో నిలిపి కనీసం ఒక పూట పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద ఏ పూతా నిలవదు.

ఆరిన తరువాత తుప్పు సంగతి చూడాలి. ఉబ్బిన రంగు మీద స్క్రూడ్రైవర్ కొనతో తట్టి చూస్తే పొరలు రాలిపోయే చోటు ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ వైర్ బ్రష్‌తో గీకి, మొదట 80 నంబరు, తరువాత 120 నంబరు ఎమెరీ కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, అదే రోజు రంగుకు ముందు వేసే రెడ్ ఆక్సైడ్ పూత వేసేయాలి, ఎందుకంటే రుద్దిన ఇనుమును రాత్రంతా మంచులో వదిలితే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. రెడ్ ఆక్సైడ్ బాగా ఆరిన తరువాత ఎనామిల్ రంగు రెండు పలచని పూతలుగా వేయాలి. కొత్త రంగు పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఆ భాగం మీద వాక్స్ వేయడానికి కనీసం నెల రోజులు ఆగాలి.

పాత రంగు బాగానే ఉందనిపించినా అరచేతితో ఒకసారి రుద్ది చూడాలి. చేతికి సుద్దలాంటి పొడి అంటితే ఎండకు రంగు పై పొర చచ్చిపోయిందని అర్థం. దాని మీద వాక్స్ పూస్తే సున్నం గోడ మీద నూనె రాసినట్టే ఉంటుంది. ముందుగా రబ్బింగ్ కాంపౌండ్‌ను తడి గుడ్డతో నెమ్మదిగా రుద్ది ఆ పొడిని తీసేసి, లోపలి గట్టి రంగు బయటపడిన తరువాతే ముందుకు వెళ్లాలి. అంచుల దగ్గర, రివెట్ల దగ్గర రంగు పలచగా ఉంటుంది కనుక అక్కడ చేయి తేలికగా ఆడాలి.

కారు సామాన్ల దుకాణాలలో డబ్బాల్లో దొరికే గట్టి వాక్స్ ఈ పనికి సరిపోతుంది. రేకు నీడలో చల్లగా ఉన్నప్పుడు, రెండడుగుల చదరానికి మించకుండా, స్పాంజి మీద కొద్దిగా తీసుకుని పలచగా పూయాలి; మందంగా పూస్తే ఎక్కువ కాలం నిలుస్తుందనుకోవడం పొరపాటు, మిగిలినదంతా తుడుపు గుడ్డకే పోతుంది. తెల్లటి పొగమంచులా ఆరిన తరువాత మెత్తని గుడ్డతో తుడిచి పక్క భాగానికి వెళ్లాలి. సైడు డోర్ల బయటి ముఖాలకు, ముందు రేకుకు, మడ్గార్డులకు మాత్రమే వాక్స్ వేయాలి. తొట్టి లోపలి అడుగుకు పూయడం వృథా ప్రయాస, ఎందుకంటే మొదటి ఇసుక లోడుకే అది గీరుకుపోతుంది. వెనక అంటించిన రేడియం స్టిక్కర్ల మీద వాక్స్ పొర నిలవకుండా తుడిచేయాలి. చెరకు తోలే రాత్రుళ్లు వెనక వచ్చే లారీవాడికి మన ట్రక్కు కనిపించేది వాటివల్లే.

కీళ్లు, కొక్కేలు, కమాన్ పిన్నులు, జాకీ కీలు వాక్స్‌తో పని లేనివి. వాటికి గ్రీజు గన్‌తో పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి.

ట్రక్కును తిరిగి నిలిపేటప్పుడు ముందు స్టాండును కాస్త ఎత్తి, వెనక డోరును బెత్తెడు సందు వదిలి ఉంచితే వాన నీరు అడుగున నిలవకుండా కారిపోతుంది. టైర్ల కింద చెక్క పలకలు వేయాలి. పట్టా కప్పదలచినవారు దాన్ని రేకుకు అంటుకునేలా బిగించకుండా, మధ్యలో వెదురు బొంగు అడ్డంగా పెట్టి గాలి ఆడేలా కట్టాలి. గాలి ఆడని పట్టా కింద చెమ్మ ఆరదు, పట్టా లేకపోవడమే అంతకంటే నయం. మొదటి వానలో బయటికి వచ్చి సైడు రేకులను చూస్తే, ఎక్కడ నీరు తామరాకు మీదలా పూసలు కట్టి జారుతోందో, ఎక్కడ పలచగా పరుచుకుని నిలిచిపోతోందో కనిపిస్తుంది. రెండో రకం చోట్లకు వాన వెలిసి రేకు ఆరిన రోజున మరోసారి వాక్స్ పూయాలి.