కాజీపేట నుంచి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ దాకా – స్కూబా పాఠం 4: చెవులు విప్పుకోవడం

ట్యాంకులోని గాలి పీలుస్తూ నీటి కింద తిరగడమే స్కూబా. లోతున నింపిన బెలూన్ పైకి వస్తే ఎంతవుతుందని పోయిన పాఠం చివర అడిగాం, ఆ లెక్కకు జవాబు ముందు చూద్దాం. సముద్రంలో 10 మీటర్ల లోతున 6 లీటర్ల గాలి నింపి మూతి కట్టిన బెలూన్ పైకి తేలేసరికి 12 లీటర్లవుతుంది. నేల మీది గాలి ఒత్తిడిని 1 అనుకుంటే, అక్కడ ఒత్తిడి 2, పైన 1. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులూ ఆ బెలూన్‌లాగే ఉబ్బుతాయి. రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే సాధనం) నోట్లో ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టొద్దని అన్నిసార్లు చెప్పింది ఇందుకే. ఇప్పుడు అదే లెక్కను తిరగేయాలి. కిందికి దిగేకొద్దీ గాలి కుంచించుకుపోతుంది, ఆ గాలి మీ చెవి లోపల కూడా ఉంది.

మన ఊళ్లలో బాయిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఈ సంగతి ఒంటికి తెలుసు. అడుగున పడ్డ బిందె కోసం రెండు నిలువుల లోతుకు మునిగితే చెవిలో సూది గుచ్చినట్టవుతుంది. చెవిలోకి నీళ్లు పోయాయి, అందుకే నొప్పి అనుకుంటారు. అసలు కారణం వేరు. కర్ణభేరిని బయటి నుంచి నీరు నొక్కుతుంటే, లోపల ఉన్న కాస్త గాలి గట్టు మీది ఒత్తిడిలోనే ఉండిపోతుంది. భేరి లోపలికి గుంజుకుపోతుంది. బాయిలో అయితే నాలుగు క్షణాల్లో పైకి వచ్చేస్తాం కాబట్టి నొప్పి మరిచిపోతాం. స్కూబాలో అరగంటో, నలభై నిమిషాలో కిందే ఉండాలి.

ఆ లోపలి గదికి ఒక దారి ఉంది. నడిమి చెవి నుంచి ముక్కు వెనక భాగానికి సుమారు 3.5 సెంటీమీటర్ల సన్నటి గొట్టం, పేరు యూస్టేషియన్ గొట్టం. ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అంగిట్లోని కండరాలు లాగితే క్షణంసేపు తెరుచుకుంటుంది. అప్పుడు వినపడే సన్నటి 'టిక్' మీకు తెలిసే ఉంటుంది. ఆ గొట్టం గుండా మనమే గాలి పంపి లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేయడాన్ని డైవర్లు 'ఈక్వలైజ్' చేయడం అంటారు, మనం చెవులు 'విప్పుకోవడం' అంటున్నాం.

ఈ గొట్టానికి ఒక గుణం ఉంది, పాఠమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ముక్కు వైపు ఉన్న దాని మూతి మెత్తటిది. లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం దాటితే ఆ మూతి అతుక్కుపోతుంది, ఇక కండరాల వల్ల కాదు. నీటిలో ఆ తేడా రావడానికి 1.2 మీటర్లు చాలు, అంటే మనిషి ఛాతీలోతు. కాబట్టి 'నొప్పి వచ్చాక చేద్దాం' అనుకుంటే అప్పటికే తలుపు బిగుసుకుపోయి ఉంటుంది. నొప్పి రాకముందే, ప్రతి అర మీటరుకు ఒకసారి విప్పుకుంటూ పోవాలి.

లోతులన్నీ ఒకటి కావు. ఉపరితలం నుంచి 10 మీటర్లకు దిగితే గాలి సగమవుతుంది. 10 నుంచి 20కి దిగితే సగం కాస్తా మూడో వంతవుతుంది. 30 మీటర్ల దగ్గర నాలుగో వంతు. మొదటి పది మీటర్లలో ఉన్నంత మార్పు మరెక్కడా లేదు. సర్టిఫికెట్ లేకుండా ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని చేసే మొదటి డైవ్‌కు హద్దు 12 మీటర్లు. అంటే కొత్తవాళ్లు చెవికి అన్నిటికన్నా కష్టమైన భాగంలోనే మొత్తం సెలవు గడుపుతారన్నమాట. ఓపెన్ వాటర్ కోర్సు (మొదటి సర్టిఫికెట్ ఇచ్చేది) చేసినవాళ్లకు హద్దు 18 మీటర్లు, వాళ్లూ ఈ భాగం దాటే పోవాలి.

మూడు పద్ధతులు

మొదటిది వాల్సాల్వా. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఆంటోనియో వాల్సాల్వా (1666–1723) పేరు మీద వచ్చింది. ముక్కు రంధ్రాలు రెండూ వేళ్లతో మూసి, నోరు మూసి, ముక్కులోకి మెల్లగా ఊదాలి. అందరికీ ముందు నేర్పేది ఇదే, ఎక్కువ దెబ్బలు తగిలేదీ దీనితోనే. గట్టిగా ఊదితే ఆ ఒత్తిడి లోపలి చెవి దాకా పోయి అక్కడి పలచటి పొరను చింపగలదు. చెవిలో గుయ్యిమనే మోత, తల తిరగడం, వినికిడి తగ్గడం దాని గుర్తులు. ముక్కు చీదేటంత బలం కూడా వద్దు. ఒక్కో ఊదు 5 సెకన్లు దాటకూడదు.

రెండోది టాయిన్‌బీ: ముక్కు మూసుకుని గుటక వేయడం. బలం ప్రసక్తి లేదు కాబట్టి నెమ్మదిగా దిగేవాళ్లకు బాగుంటుంది. కాకపోతే రెగ్యులేటర్ గాలి పొడిగాలి. నోరెండిపోయి గుటక పడక ఇబ్బంది పడతారు. పడవ మీద నీళ్లు బాగా తాగి దిగండి.

మూడోది ఫ్రెంజెల్. ఊపిరితిత్తులతో పనిలేదు, నాలుకే పంపులా పనిచేస్తుంది. ధాన్యం బస్తా ఎత్తేముందు గొంతు బిగిస్తాం చూడండి, అలా బిగించండి. ముక్కు మూసి, 'గ' అనబోయి అనకుండా ఆపినట్టు నాలుక మొదలును వెనక్కి, పైకి నెట్టండి. వేళ్ల కింద ముక్కు పక్కలు ఉబ్బాలి, గొంతు ముడి పైకి లేవాలి, పొట్ట మాత్రం కదలకూడదు. పొట్ట కదిలిందంటే మీరు చేసింది వాల్సాల్వాయే. మా అభిప్రాయంలో కష్టపడి నేర్చుకోదగ్గది ఇదొక్కటే. ఒకసారి అలవాటైతే సెకనుకొకటి చొప్పున చేయొచ్చు, చెవికి నొప్పి ఉండదు.

రెండు వారాల ఇంటి సాధన

ప్రయాణానికి 14 రోజుల ముందు మొదలుపెట్టండి. పొద్దున, రాత్రి అద్దం ముందు నిలబడి ఒక్కో విడతకు 5 సార్లు చాలు. అతిగా చేస్తే గొట్టం లోపలి పొర వాచి పని ఇంకా చెడుతుంది. రెండు చెవుల్లోనూ 'టిక్' వినపడిందా, ఒకదానిలోనే వినపడిందా రాసుకోండి. చాలామందికి ఒక చెవి మొండిగా ఉంటుంది. ఏ చెవో ముందే తెలియడం నీటి కింద ఎంతో అక్కరకొస్తుంది.

మొదటి వారం దాటినా ఒక చెవి అసలు పలకకపోతే హనుమకొండలోనే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. గులిమి గట్టిపడి ఉంటే డాక్టరే తీస్తారు. అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టొద్దు. ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె చెవిలో పోయడం ఇళ్లలో అలవాటే. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో తెలియకుండా ఏదీ పోయకూడదు. చిల్లు ఉన్న చెవిలోకి చల్లటి సముద్రపు నీరు పోతే ఉన్నట్టుండి తల తిరిగి, పైకేదో కిందేదో తెలియదు. రిసార్ట్‌లో సంతకం పెట్టించుకునే ఆరోగ్య పత్రాన్ని కూడా ముందే తెప్పించుకుని చదవండి. చెవి ఆపరేషన్, ఆయాసం, బీపీ వంటి వాటిలో దేనికైనా 'అవును' అని రాస్తే డాక్టర్ సంతకం అడుగుతారు. ద్వీపంలో డాక్టర్ కోసం తిరగడం కన్నా ఇక్కడే ఆ పని ముగించుకోవడం నయం.

రెండో వారం ఈతకొలనుకు వెళ్లండి. లోతు 2 మీటర్లున్నా సరిపోతుంది. నిచ్చెన పట్టుకుని, కాళ్లు కిందికి ఉండేలా నిటారుగా దిగుతూ నడుమ మూడుసార్లు విప్పుకోండి. తోడు మనిషి గట్టు మీద మిమ్మల్నే చూస్తూ ఉండాలి. దిగేముందు గబగబా ఊపిరి తీసి వదలడం ప్రమాదం, నీటి కిందే స్పృహ తప్పుతుంది. ఇక వ్యవసాయ బాయిలో, పాకాల, లక్నవరం చెరువుల్లో ఈ సాధన చేయొద్దు. అడుగు కనపడని నీటిలో చెవి మీద మనసు నిలవదు, జరగరానిది జరిగితే తీసేవాళ్లుండరు.

మామూలు ఈత కళ్లద్దాలతో లోతుకు పోకూడదని రెండో పాఠంలో చెప్పాం. అవి ముక్కును కప్పవు కాబట్టి లోపలి గాలిని సమం చేసే దారి లేదు, కంటి తెల్లగుడ్డులో నెత్తురు చేరి ఎర్రబడుతుంది. డైవింగ్ మాస్క్‌లోకి మాత్రం ముక్కుతో కొద్దిగా ఊదితే చాలు. దట్టమైన మీసం ఉన్నవాళ్లకు మాస్క్ అంచు ఆనక నీరు కారుతుంది, ముక్కు కింద సన్నగా కత్తిరించుకోండి. చెవుల్లో దూది గానీ ప్లగ్‌లు గానీ పెట్టుకోవద్దు. వాటి వెనక గాలి చిక్కుకుని ఇంకో సమస్య తెస్తుంది.

సర్ది

ముక్కు దిబ్బడ వేస్తే గొట్టం మూతి వాచి ఉంటుంది. ఆ రోజు డైవ్ లేదు, అంతే. మాత్ర వేసుకునో, ముక్కులో మందు కొట్టుకునో దిగేవాళ్లున్నారు. మందు పనిచేస్తున్నంతసేపు బాగానే దిగుతారు. అడుగున ఉండగా దాని ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలి బయటికి రాలేక చెవిలో ఇరుక్కుంటుంది. దిగేటప్పుడు ఇరుక్కుంటే మానుకుని వెనక్కి రావచ్చు. ట్యాంకులో గాలి అయిపోతున్నప్పుడు మాత్రం పైకి రాక తప్పదు.

మనవైపు దీనికి కాలం కూడా కలిసొస్తుంది. అండమాన్‌లో సముద్రం తేటగా ఉండే నెలలూ, మన దగ్గర చలి, దుమ్ము నెలలూ ఒకటే. మేడారం జాతర దుమ్ములో మూడు రోజులు తిరిగి, మరునాడే విమానం ఎక్కేలా టికెట్లు తీసుకోకండి. ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి మధ్య పనిచేసేవాళ్లు కూడా తుమ్ములు తగ్గడానికి వారం రోజుల విరామం ఇచ్చుకోవాలి.

విమానంలో మొదటి పరీక్ష

శంషాబాద్ నుంచి శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) విమానం కిందికి దిగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నేల తాకేదాకా నిమిషానికోసారి టాయిన్‌బీ చేయండి. చెవికి అది కూడా ఒక డైవే. దిగాక కూడా ఒక చెవి దిబ్బడగా ఉండిపోతే మరునాటి డైవ్‌ను ఒకరోజు వెనక్కి జరపండి. అందుకే స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్) కనీసం ఒక రోజు ఖాళీగా ఉండేలా గదులు తీసుకోవాలి. చెవి విప్పుకోక డైవ్ ఆగిపోతే డబ్బు తిరిగిస్తారా, ఇంకో రోజుకు మారుస్తారా అని అడ్వాన్స్ కట్టకముందే అడిగి రాయించుకోండి.

దిగే క్రమం

నీటిపై తేలుతుండగానే, ఇంకా అంగుళం కూడా మునగకముందే ఒకసారి విప్పుకోండి. కాళ్లు కిందికి, తల పైకి ఉండాలి, తలకిందులుగా దిగితే ఆ గొట్టాల్లో రక్తం చేరి బిగుసుకుంటాయి. లంగరు మోకు ఉంటే దాన్ని పట్టుకోండి. ఒక చేయి మోకు మీద, ఒక చేయి ముక్కు మీద. 5 మీటర్ల దాకా అర మీటరుకోసారి, అక్కడి నుంచి మీటరుకోసారి.

చెవి కొంచెం బిగిసినట్టనిపిస్తే ఆగండి. అరచేయి బోర్లా పెట్టి అటూఇటూ ఊపి, వేలితో చెవి చూపండి. 'చెవి బాగోలేదు' అని ఇన్‌స్ట్రక్టర్‌కు అర్థమవుతుంది. బొటనవేలు పైకెత్తితే 'పైకి పోదాం' అని అర్థం, బాగుందని కాదు. అర మీటరు నుంచి మీటరు దాకా పైకి రండి. మొండి చెవి ఆకాశం వైపు ఉండేలా తల వంచి, మెల్లగా మళ్లీ చేయండి. మూడుసార్లకూ పలకకపోతే డైవ్ ముగిసినట్టే. మిగతావాళ్లు కింద ఎదురుచూస్తున్నారన్న మొహమాటమే చాలామంది చెవులు పాడుచేసింది. ఇన్‌స్ట్రక్టర్లకు ఇది రోజూ చూసే సంగతి, ఎవరూ ఏమీ అనుకోరు.

పైకి వచ్చేటప్పుడు గాలి తనంతట తానే బయటికొస్తుంది. ఊదొద్దు. ఇరుక్కున్నట్టుంటే కాస్త కిందికి దిగి, గుటక వేసి, ఇంకా నెమ్మదిగా లేవండి. నిమిషానికి 9 మీటర్ల వేగం దాటకూడదు.

గట్టెక్కాక మంచినీళ్లతో చెవులు కడిగి తువ్వాలుతో తుడవండి. చెవి తమ్మె లాగితే నొప్పి పుడితే అది బయటి చెవి ఇన్ఫెక్షన్. తమ్మె లాగినా నొప్పి లేక, బిందెలో తల పెట్టినట్టు మాటలు వినపడితే నడిమి చెవి నలిగింది. రెండిట్లో ఏదైనా మరుసటి డైవ్ వద్దు, డాక్టర్‌కు చూపించండి.

ఈ వారం లెక్కలు: (1) 20 మీటర్ల నుంచి 30 మీటర్లకు దిగితే చెవిలోని గాలి ఎన్నో వంతు తగ్గుతుంది? (2) 3 మీటర్ల దగ్గర మీ ఎడమ చెవి విప్పుకోలేదు. ఎంత పైకి వస్తారు, తల ఎటు వంచుతారు? జవాబులు అయిదో పాఠంలో. ఆ పాఠానికి మీ బరువు కిలోల్లో చూసి రాసిపెట్టుకోండి, నడుముకు సీసం బరువులు ఎన్ని కట్టాలో, బీసీడీలోకి (గాలి నింపి తేలడాన్ని సర్దుకునే జాకెట్) గాలి ఎంత కొట్టాలో లెక్కకట్టాలి.