న్యూజెర్సీలో పాత ఇల్లు కొనేముందు ఆయిల్ ట్యాంకు సంగతి తేల్చుకోండి

ఎడిసన్ చుట్టుపక్కల 1950లు, 60లలో కట్టిన ఇల్లు చూస్తుంటే స్కూలు రేటింగులు తర్వాత చూడొచ్చు. ఇప్పుడు గ్యాస్ హీటింగ్ ఉంది కదా అని ఊరుకోకండి. గ్యాస్ రాకముందు ఇల్లు వెచ్చబెట్టడానికి వాడిన ఇనుప ఆయిల్ ట్యాంకు పెరట్లో మట్టి కింద అలాగే ఉండొచ్చు. 550 గ్యాలన్లది తరచుగా కనబడే సైజు.

బేస్‌మెంట్ గోడలోంచి పొడుచుకొచ్చి, చివర నొక్కేసిన సన్నటి రాగి గొట్టాలున్నాయేమో చూడండి. బయట పొదల వెనక గోడవారగా ట్యాంకులోంచి గాలి పోయే ఇనుప వెంట్ పైపు ఉందేమో చూడండి. ఏవీ కనబడకపోతే ట్యాంకు లేదని కాదు. పైపులు కోసేసి పైన గడ్డి పెంచేసిన ఇళ్ళూ ఉన్నాయి.

మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌లో ఇది తేలదు, ట్యాంక్ స్వీప్ (మట్టి కింద ట్యాంకు ఉందేమో పరికరాలతో వెతకడం) విడిగా చేయించాలి. ఇనుప చువ్వలున్న కాంక్రీటు కింద పరికరాలు సరిగా పట్టవు. ఎక్కడెక్కడ చూడలేకపోయారో రిపోర్టులో రాయించుకోండి. సంతకాలైన కాంట్రాక్టు మీద లాయరు సమీక్షకు 3 పనిదినాలే ఉంటాయి, ట్యాంకు షరతు ఆలోపే కాంట్రాక్టులో చేర్పించండి.

"ఎప్పుడో మూయించేశాం, ఇసుక నింపించాం" అంటారు అమ్మేవాళ్ళు. మనవాళ్ళు పడిపోయేది ఇక్కడే! ఇసుక నింపితే కింది మట్టి శుభ్రమైపోదు. తుప్పుపట్టి కారాల్సింది అంతకుముందే కారి ఉండొచ్చు. టౌన్‌షిప్ పర్మిట్ ట్యాంకు మూసినట్టు చెబుతుందే తప్ప మట్టి గురించి చెప్పదు. మట్టి పరీక్ష ల్యాబ్ రిపోర్టు అడగండి. కారి, శుభ్రం చేయించి ఉంటే ఇక చేయాల్సిందేమీ లేదని రాష్ట్ర పర్యావరణ శాఖ ఇచ్చే 'నో ఫర్దర్ యాక్షన్' లెటర్ అడగండి. లేదంటే తవ్వి తీయించమనండి, అదీ క్లోజింగ్‌కి (ఇల్లు మీ పేరు మీదికి మారే రోజుకి) ముందే, వాళ్ళ పర్మిట్‌తో, వాళ్ళ ఖర్చుతో. తవ్వకం ఖర్చుకని ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర) కొంత డబ్బు పెడతామంటే ఒప్పుకోకండి. తవ్వేదాకా ఖర్చెంతో ఎవరికీ తెలియదు. ఆయిల్ భూగర్భ జలం దాకా దిగితే బిల్లు పదుల వేల డాలర్లకు పోతుంది, మామూలు హోమ్ ఇన్సూరెన్స్ చాలావరకు దీన్ని కవర్ చేయదు. క్లోజింగ్ అయ్యాక అది మీ మెడకే చుట్టుకుంటుంది.

తీసేటప్పుడు మిగిలిన ఆయిల్ తోడేసి, ట్యాంకును కోసి, లోపల తుడిచి పైకి లాగుతారు. టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా గుంట పూడ్చనివ్వకండి. ట్యాంకుకు చిల్లులున్నా, మట్టి ఆయిల్ వాసన కొట్టినా పర్యావరణ శాఖ హాట్‌లైన్‌కు చెప్పి తీరాలి.

ఇంత చెప్పానని ట్యాంకు దొరగ్గానే ఇల్లు వదిలేసుకోకండి. కారని ట్యాంకు తీయడం ఒకట్రెండు రోజుల పని. కాగితాలు చేతికొస్తే ఆ ఇల్లు నిశ్చింతగా కొనుక్కోండి.