శాటిలైట్‌ని ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కి జరపాలంటే: అమెరికా ఎఫ్‌సీసీ దగ్గర దరఖాస్తు విధానం

ఆంధ్రాలో రిజిస్టరైన బండిని తెలంగాణకి మార్చుకున్నవాళ్లకి ఎన్‌వోసీ కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగిన సంగతి గుర్తుండే ఉంటుంది. బండి మనదే, పెట్రోలు మనదే, అయినా కాగితం లేనిదే కుదరదు. నేల మీద నుంచి 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే టీవీ శాటిలైట్ విషయంలోనూ అంతే. అమెరికా లైసెన్సు ఉన్న శాటిలైట్ అయితే ఆ కాగితం ఇచ్చేది అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, అందులోనూ 2023 ఏప్రిల్‌లో విడిగా మొదలైన స్పేస్ బ్యూరో. ఈ ఫైలు మొదటిసారి చేతికొచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక కూర్చున్నవాళ్ల కోసం రాస్తున్నా.

ముందొక మాట. జరపడం పెద్ద పనేం కాదు. కక్ష్యని సుమారు 39 కిలోమీటర్లు పెంచితే చాలు, శాటిలైట్ భూమి తిరిగే వేగానికి కాస్త వెనకబడి రోజుకి అర డిగ్రీ చొప్పున పడమరకి జారుతుంది, తూర్పుకి పోవాలంటే అంతే దించాలి. బయల్దేరడానికీ ఆగడానికీ కలిపి సెకనుకి 3 మీటర్ల లోపు వేగం మార్పు. ఉత్తర దక్షిణాలకి ఊగకుండా నిలబెట్టడానికే ఏడాదికి సెకనుకి దాదాపు 50 మీటర్ల వేగం మార్పు ఖర్చవుతుంది, దాని ముందు ఇదెంత! అందుకే ఇంజనీర్లు "ఈమాత్రం దానికి ఇన్ని పేజీలా" అని విసుక్కుంటారు. కానీ ఎఫ్‌సీసీ చూసేది మన ఇంధనాన్ని కాదు, దారిలో ఉన్న పక్కవాళ్లని. అమెరికాకి టీవీ, డేటా అందించే కక్ష్య భాగంలో స్లాట్లు, అంటే ఒక్కో శాటిలైట్‌కి కేటాయించిన చోట్లు, సుమారు రెండేసి డిగ్రీల ఎడంలో ఉంటాయి, అక్కడ ఒక డిగ్రీ అంటే 736 కిలోమీటర్లు. రోజుకి అర డిగ్రీ జారే శాటిలైట్ నాలుగు రోజులకొకసారి ఎవరో ఒకరి గుమ్మం ముందు నుంచి పోతుంది. ఆ పోయేటప్పుడు ట్రాన్స్‌పాండర్లు, అంటే సిగ్నళ్లు అందుకుని మళ్లీ కిందకి పంపే పరికరాలు, ఆన్‌లో ఉంటే వాళ్ల డిష్‌లలో మన గోల వినపడుతుంది.

ఇది ఊహ కాదు. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ 15 అనే శాటిలైట్ కమాండ్లకి స్పందించడం మానేసి, ట్రాన్స్‌పాండర్లు ఆన్‌లో ఉండగానే స్లాట్ వదిలి జారడం మొదలుపెట్టింది. అది దగ్గరికొచ్చిన ప్రతిసారీ అవతలి ఆపరేటర్లు తమ శాటిలైట్‌ని అటూ ఇటూ జరుపుకుంటూ, సిగ్నళ్లు సర్దుకుంటూ నెలల తరబడి టెన్షన్ పడ్డారు. డిసెంబరులో గానీ అది మళ్లీ అదుపులోకి రాలేదు. అప్పట్లో దానికి జాంబీశాట్ అని పేరు పెట్టారు. దరఖాస్తులో "దారిలో ట్రాన్స్‌పాండర్లన్నీ ఆఫ్‌లో ఉంటాయి, టెలిమెట్రీ, ట్రాకింగ్, కమాండ్ తప్ప ఇంకేదీ ప్రసారం చేయం" అన్న వాక్యం (ఆ మూడూ శాటిలైట్ ఎలా ఉందో, ఎక్కడుందో తెలుసుకుని దాన్ని నడిపే సంకేతాలు) మొదటి పేజీలోనే కనపడాలని నేను పట్టుబట్టేది అందుకే. ఈ ఒక్క హామీ తేటగా ఉంటే సగం అభ్యంతరాలు పుట్టవు.

ఇక ఏ కిటికీ దగ్గర నిలబడాలి అన్నది. మూడు దారులున్నాయి. అన్నిటికంటే తేలికది ఎఫ్‌సీసీ శాటిలైట్ నియమాలైన పార్ట్ 25లోని 25.118వ నిబంధన. వెళ్లే చోటు కూడా మీ కంపెనీకే కేటాయించిన స్లాట్ అయ్యుండి, దానికి 0.15 డిగ్రీల లోపే నిలబెట్టి, అక్కడ ముందున్న శాటిలైట్‌కి అనుమతించిన సాంకేతిక పరిమితుల్లోనే పనిచేయిస్తే ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఎఫ్‌సీసీకీ ఇబ్బంది పడే అవకాశమున్న లైసెన్సుదారులకీ 30 రోజుల ముందు తెలియజేస్తే సరిపోతుంది. అయితే దారిలో మౌనంగా ఉంటామని, ఢీకొనే ప్రమాదాన్ని లెక్కగట్టి తగ్గించామని, ఇప్పుడున్న కస్టమర్లెవరికీ సర్వీసు ఆగదని ధృవీకరించాలి. ఈ చివరిది చాలామందికి గొంతులో వెలక్కాయ. పాత స్లాట్‌లో ఇంకా ఎవరైనా వాడుతుంటే, వాళ్లని ఏ శాటిలైట్ మీదకి మార్చారో చెప్పగలగాలి.

స్లాట్ మీది కాకపోతే మిగిలిన రెండు దారులు: లైసెన్సు సవరణ, తాత్కాలిక అనుమతి. తాత్కాలిక అనుమతిని అందరూ ఎస్‌టీఏ అంటారు. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలనుకోవడం పొరపాటు. ఎస్‌టీఏ ఉన్నది జారడానికీ, కొత్త చోట కొన్నాళ్లు పనిచేయించడానికీ, సవరణ ఉన్నది అక్కడ స్థిరపడటానికీ. రెండూ పక్కపక్కనే పెట్టుకోవడం మంచిది. ఎస్‌టీఏ గడువుల్లో ఒక మెలిక ఉంది. పబ్లిక్ నోటీసు లేకుండా ఇచ్చేది 30 రోజులకి మించదు, రెగ్యులర్ దరఖాస్తు పెట్టబోతున్నామని చెబితే 60 రోజులు, పబ్లిక్ నోటీసు ఇచ్చాక అయితే 180 రోజుల వరకు. 20 డిగ్రీలు జరగాలి, రోజుకి అర డిగ్రీ అనుకుంటే దారికే 40 రోజులు పోతాయి, దానికి 30 రోజుల అనుమతి అడిగితే ఎవరో ఒకరి గుమ్మం ముందు గడువు తీరిపోతుంది. వెనక నుంచి లెక్కేసుకోండి. నిబంధన ప్రకారం పని మొదలుకి కనీసం మూడు పనిదినాల ముందు ఎస్‌టీఏ అడగొచ్చు, అది ఎమర్జెన్సీ వాళ్ల కోసం అనుకోండి. మామూలుగా జరిపేవాళ్లు రెండు మూడు నెలల ముందే ఫైలు కదపాలి.

నిజంగా అత్యవసరమైతే మాత్రం ఎఫ్‌సీసీ వేగంగానే కదులుతుంది. బ్యాటరీలు దెబ్బతిన్న స్పేస్‌వే 1ని గ్రహణాల సీజన్ మొదలయ్యే లోపే, అంటే 2020 ఫిబ్రవరి 25 లోపు, పని అయిపోయిన శాటిలైట్లని వదిలేసే పైనున్న శ్మశాన కక్ష్యకి ఎత్తేయాలని డైరెక్‌టీవీ అడిగితే అనుమతి వచ్చింది. భూమి నీడలో బ్యాటరీ తప్పనిసరిగా వాడాల్సి వస్తే అది పేలిపోవచ్చన్నది భయం. మిగిలిన ఇంధనం ఖాళీ చేయడానికి టైం చాలదని నిబంధన నుంచి మినహాయింపు కూడా అదే దరఖాస్తులో కోరారు. ఏ నిబంధన పాటించలేరో ముందే పేరు పెట్టి చెప్పి మినహాయింపు అడగడం ఆ ఫైలు చూసి నేర్చుకోవాల్సిన పని.

ఇప్పుడు అసలు చిక్కు, కొత్త స్లాట్ మీద హక్కు. ఎఫ్‌సీసీ ఒప్పుకున్నంత మాత్రాన ఆ స్లాట్ మీదైపోదు, ఫ్రీక్వెన్సీలనీ స్లాట్లనీ దేశాల మధ్య సమన్వయం చేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐటీయూలో ఏదో ఒక దేశం పేరు మీద దానికి ఫైలింగ్, అంటే నమోదు, ఉండాలి. అది అమెరికాది కాకపోతే ఆ దేశపు సమ్మతి లేఖ జతచేయాలి. ఫైలింగ్‌ని ఏడేళ్లలోపు వాడుకలోకి తేవాలి, అంటే ఆ ఫ్రీక్వెన్సీలు పనిచేయించగల శాటిలైట్ అక్కడ వరసగా 90 రోజులు ఉండాలి. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టే ఇది కూడా. కొందరు ఒకే కర్చీఫ్‌తో నాలుగు సీట్లు ఆపుతున్నారని 2015లో ఐటీయూ ఒక తీర్మానం చేసింది, అప్పటి నుంచి శాటిలైట్ గత మూడేళ్లలో ఇంకే స్లాట్‌ని వాడుకలోకి తేవడానికి పనికొచ్చిందో చెప్పాల్సి వస్తోంది. పాత స్లాట్ ఖాళీ అయితే అక్కడి ఫైలింగ్‌ని సస్పెండ్ చేయొచ్చు గానీ మూడేళ్లకి మించి కాదు. కాబట్టి "పాత చోట ఏం చేస్తారు" అన్నదానికి ఒక పేరా రాసే ఉంచండి, అడిగేదాకా ఆగొద్దు.

దరఖాస్తు పెట్టేది ఐసీఎఫ్‌ఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో. దానికి ముందు కంపెనీకి ఎఫ్‌సీసీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఎఫ్‌ఆర్‌ఎన్, ఉండాలి. సవరణకి ఫారం 312 నింపాలి, మొత్తం కథ మళ్లీ చెప్పక్కర్లేదు, మారినవి మాత్రం రాసి మిగతావి మారలేదని ధృవీకరించాలి. ఫీజు ఆ రోజుకి ఎంతుందో పట్టికలో చూసి కట్టండి, పాత ఫైల్లో ఉన్న అంకె కాపీ కొట్టకండి. ప్రాణమంతా వివరణ లేఖలో ఉంటుంది: శాటిలైట్ కాల్ సైన్, ఎక్కడి నుంచి ఎక్కడికి, బయల్దేరే తేదీ, రోజుకి ఎన్ని డిగ్రీలు, కమాండ్‌కీ టెలిమెట్రీకీ వాడే ఫ్రీక్వెన్సీలు అంకెలతో సహా, ఏ ఊరి ఎర్త్ స్టేషన్ (శాటిలైట్‌తో మాట్లాడే నేల మీది కేంద్రం) నుంచి. దారిలోనూ గమ్యంలోనూ పక్కనున్న శాటిలైట్ల పేర్లు రాసి, వాళ్ల ఆపరేటర్లతో మాట్లాడామని ఒక్క ముక్క ఉంటే అధికారికి సగం పని తగ్గుతుంది. ఊరికే రాయడం కాదు, నిజంగా ఫోన్ చేసి మాట్లాడండి. పబ్లిక్ నోటీసు వచ్చాక 30 రోజులు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు, అక్కడ పేరు కనపడేది ముందుగా ఫోన్ రాని పొరుగువాడిదే. ఎర్త్ స్టేషన్ లైసెన్సులు మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. శాటిలైట్‌కి అనుమతి వచ్చి, దానితో మాట్లాడాల్సిన స్టేషన్‌కి కొత్త చోటు వైపు ప్రసారం చేసే అనుమతి లేకపోతే పని అక్కడే ఆగుతుంది.

అనుమతిలో షరతులు ఎప్పుడూ ఒకే బాణీలో ఉంటాయి: ఎవరికీ ఆటంకం కలిగించకూడదు, మీకు ఆటంకం కలిగితే మమ్మల్ని అడగొద్దు, ఫిర్యాదు వస్తే వెంటనే ఆపాలి, పగలూ రాత్రీ ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వాలి. కొత్త స్లాట్ చేరాక తూర్పు పడమరల్లో మామూలుగా 0.05 డిగ్రీ దాటకుండా ఉంచాలి. రాసిచ్చిన చోటు తప్పితే ఏమవుతుందంటారా, ఎకోస్టార్ 7 శాటిలైట్ ఉదాహరణ ఉంది. పని అయిపోయాక 300 కిలోమీటర్లు పైకి ఎత్తుతామని ఒప్పుకుని, ఇంధనం చాలక 122 దగ్గరే వదిలేసినందుకు 2023 అక్టోబరులో డిష్ కంపెనీ లక్షన్నర డాలర్లు కట్టింది. అందుకే ఏ స్లాట్‌కి జరిపినా, చివరి ఎత్తుకి ఎంత ఇంధనం పక్కన పెట్టారో ఈ దరఖాస్తులోనే అడుగుతారు.

మన ఇండియా శాటిలైట్ల సంగతి వేరు. అక్కడ అనుమతి అంతరిక్ష రంగానికి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ దగ్గర, ఫ్రీక్వెన్సీలు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దగ్గర, పై ఫారాలు అక్కడ పనికిరావు. ఐటీయూ 90 రోజుల లెక్క మాత్రం వాళ్లకీ మీకూ ఒకటే.